అప్‌డేట్: ఎం.ఎస్సీ. నర్సింగా, ఏడాది డిప్లొమానా?

శ్రీకాకుళంలో ఎముకల వార్డు నర్సుగా నాలుగేళ్లుగా పనిచేస్తున్న నేను, ఆర్థోపెడిక్ నర్సింగ్‌లో పైచదువుకు రెండేళ్ల ఎం.ఎస్సీ. మేలా, ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా సరిపోతుందా అని వేసవిలో అడిగాను. ఓపికగా సలహా చెప్పిన సీనియర్ అక్కలందరికీ కృతజ్ఞతలు.

చివరికి, ముందు ముందు పాఠాలు చెప్పాలన్న కోరిక ఉన్నందున, ఎం.ఎస్సీ. వైపే మొగ్గాను. మన దేశంలో ఆర్థోపెడిక్ నర్సింగ్ విడి ఎం.ఎస్సీ. డిగ్రీ కాదనీ, మెడికల్ సర్జికల్ నర్సింగ్‌లో ఒక ఉపవిభాగమనీ మీరు చెప్పాకే తెలిసింది. అంతకుముందు ఒక కళాశాలవారు ‘ఆర్థో ఎం.ఎస్సీ.’ అంటూ అడ్వాన్సు కట్టమన్నారు. సిలబస్ కాగితం చూపమనగానే మాట మార్చారు. 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అన్న అర్హతలు నాకున్నాయి కనుక ఆ బెంగ లేదు.

పరిశోధనకు ట్రాక్షన్ (విరిగిన ఎముక సరిగ్గా నిలిచేలా కాలిని బరువుతో లాగి ఉంచే చికిత్స) రోగుల సంరక్షణను ఎంచుకోవాలనుకుంటున్నాను. గత వారం, తొడ ఎముక విరిగిన ఒక తాతగారు మంచంలో కాళ్లవైపు జారిపోవడంతో బరువు సంచి నేలకు ఆని ఉండటం గమనించాను. బరువు గాలిలో వేలాడకపోతే లాగుడే ఉండదు, విరిగిన ముక్కలు ఒకదానిపైకి ఒకటి ఎక్కుతాయి. ఆయన్ను పైకి జరిపి, మంచం కాళ్లవైపు ఎత్తు పెట్టి, నరం బాగుందో లేదో చూడటానికి పాదం పైకి ఎత్తమన్నాను. మోకాలి పక్కన నరం నొక్కుకుపోతే పాదం వాలిపోతుంది. ఆయన ఎత్తారు, పైగా ‘సాలా అమ్మా?’ అని నవ్వారు.

చదువు సెలవు సంగతి మాత్రం ఇంకా తేలలేదు.