ఖాళీ ఆసనం అంటే బుద్ధుడని చూసేవాళ్లకు తెలిసేదెలా?

మాది గుంటూరు. అమరావతి స్తూపం శిల్పాల్లో చాలాచోట్ల బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, రావిచెట్టు ఉంటాయి. అదే పద్ధతిలో మూడడుగుల కాన్వాస్‌పై యాక్రిలిక్‌తో బొమ్మ వేశాను. చూసినవాళ్లు "ఎవరైనా పోయారా?" అంటున్నారు. పాదాల్లో చక్రం గీస్తే విష్ణుపాదాలన్నారు. రావికొమ్మలు పెంచితే ఊళ్లో రచ్చబండ అనుకున్నారు. పక్కన అరపేజీ వివరణ అంటించా. అది చదివేసి, బొమ్మ వైపు చూడకుండానే వెళ్లిపోతున్నారు (ఒళ్లు మండేది ఇక్కడే). ఆసనం మీద మనిషిని మాత్రం కూర్చోబెట్టను. వచ్చే నెల విజయవాడలో ప్రదర్శన, టెన్షన్‌గా ఉంది. వివరణ లేకుండా బుద్ధుడని తెలియాలంటే బొమ్మలో ఏ ఒక్క గుర్తు చేర్చమంటారు?