15 వేలకి చిన్న కెమెరా: కొత్త కోడాక్ ఎఫ్‌జెడ్45 మంచిదా, వాడిన కానన్ ఎస్120 మంచిదా?

గోంగూరపచ్చడి (గుంటూరు), శనివారం ఉదయం 9:10
అందరికీ నమస్కారం. జేబులో పట్టే కెమెరా ఒకటి కావాలి. కార్డూ బ్యాటరీలూ అన్నీ కలిపి 15 వేలు దాటకూడదు. వాడకం ఎక్కువగా కల్యాణ మండపాల్లో. మొదటిది వచ్చే నెలలో ఓణీల ఫంక్షన్. అప్పుడప్పుడు ఉప్పలపాడు చెరువు దగ్గర కొంగలు. ఆన్‌లైన్‌లో కొత్త కోడాక్ ఎఫ్‌జెడ్45 కనపడింది. అరండల్‌పేటలో ఒకాయన దగ్గర వాడిన కానన్ ఎస్120 ఉంది, 13 వేలు చెప్తున్నాడు. ఏది తీసుకోమంటారు?

ఫోన్‌చాలు, 9:14
ఫోన్ చాలు.

రెండోలైను (గుంటూరు), 9:52
కళ్లు మూసుకుని ఎస్120 తీసుకోండి. ఎందుకో లెక్క చూడండి. ఎఫ్‌జెడ్45 సెన్సార్ (లోపల ఫోటో పడే చిప్పు) 6.17 × 4.55 మి.మీ., అంటే సుమారు 28 చదరపు మి.మీ. ఎస్120ది 7.44 × 5.58, సుమారు 41. ఒకటిన్నర రెట్లు దగ్గర దగ్గర. ఇక జూమ్ చెయ్యకుండా కోడాక్ లెన్సు ఎఫ్ 3.0, కానన్‌ది ఎఫ్ 1.8. ఈ ఎఫ్ అంకె ఎంత తగ్గితే అంత వెలుతురు లోపలికి వస్తుంది. ఇక్కడ 2.8 రెట్లు. రెండూ గుణిస్తే నాలుగు రెట్ల వెలుతురు. మండపంలో ఎస్120తో ఐఎస్‌ఓ (తక్కువ వెలుతుర్లో పెంచుకునే అంకె, పెరిగేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 800, 1/60 సెకనులో వచ్చే ఫోటోకి కోడాక్ ఐఎస్‌ఓ 2200 దాకా ఎక్కాలి, అదీ చిన్న సెన్సార్ మీద. ముఖాలు మైనం పూసినట్టు వస్తాయి, చీర మీద జరీ అంతా ఒకటే ముద్ద. పైగా కోడాక్‌లో లెన్సు కదిలి చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు లేదు, ఉన్నదంతా సాఫ్ట్‌వేర్ సర్దుబాటే. కానన్‌లో ఉంది. రా ఫైలు (తర్వాత కంప్యూటర్లో దిద్దుకోవడానికి ముడి ఫోటో) కూడా ఇస్తుంది.

కాలువగట్టు (విజయవాడ), 10:05
కోడాక్ 16 మెగాపిక్సెల్, కానన్ 12 కదా అన్నా?

రెండోలైను, 10:11
ఉంటే? ఎస్120 ఫోటో 4000 × 3000. ఆల్బమ్‌లో 12 × 18 షీటు వేయించినా అంగుళానికి 220 చుక్కలు పడతాయి. 4 × 6 ప్రింటుకి 2 మెగాపిక్సెల్ చాలు. ఆ మిగిలిన నాలుగూ డబ్బా మీద రాసుకోవడానికి.

పెద్దబాబాయ్ (తెనాలి), 10:30
ముందు ఒక సంగతి తేలాలి. అది కోడాక్ కాదు. ప్రపంచంలో మొదటి డిజిటల్ కెమెరా చేసినవాడు కోడాక్ ఇంజనీరు స్టీవ్ సాసన్, 1975లో. 3.6 కిలోల బరువు, ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు. ఆ కంపెనీ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసి, కెమెరాలు చెయ్యడం మానేసింది. ఇప్పుడు జేకే ఇమేజింగ్ అనే వేరే కంపెనీ లైసెన్సు తీసుకుని ఆ పేరు పెట్టుకుంటోంది. పేరు చూసి కొనేవాళ్లు ఇది గమనించాలి.

స్క్రూడ్రైవర్ (విజయవాడ), 11:20
రెండోలైను గారి లెక్క తప్పని అనను, సగమే చెప్పారు. ఎఫ్ 1.8 అనేది జూమ్ చెయ్యనప్పుడు, అంటే 24 మి.మీ. దగ్గర మాత్రమే. పీటల మీద కూర్చున్న పిల్ల ముఖం దగ్గరగా కావాలని జూమ్ చివరికి, 120కి లాగితే ఎస్120 ఎఫ్ 5.7 అయి కూర్చుంటుంది. కోడాక్ చివర ఎఫ్ 6.6. సెన్సార్‌తో కలిపినా మీ నాలుగు రెట్లు రెండుకి పడిపోయాయి. మండపంలో ముందు వరసలోకి దూరి తీసేవాళ్లు ఎంతమంది? వీడియోవాళ్ల వీపు వెనక నుంచే కదా అందరం తీసేది.

అసలు విషయం అది కాదు. ఎస్120 వచ్చింది 2013లో. మూడు గొట్టాలు ఒకదాంట్లో ఒకటి జారే లెన్సు అది. సూర్యలంక ఇసుక రేణువు ఒకటి మధ్యలో పడితే చాలు, కర్ర్ మంటుంది, తెర మీద లెన్స్ ఎర్రర్ అని వస్తుంది, ఆగిపోతుంది. లోపల ప్లాస్టిక్ పళ్లచక్రం పన్ను విరుగుతుంది, లేదా లెన్సు వెనక సన్నటి వైర్ల పట్టీ ఏళ్ల తరబడి మడతపడీ మడతపడీ తెగుతుంది. కొత్త పార్టు దొరకదు. ఇంకో చచ్చిన ఎస్120 కొని దాని లెన్సు మొత్తం తీసి దీనికి పెట్టాలి. ఆ లెన్సు వయసూ అంతే. అప్పుడు 13 వేలు ఎక్కడికి పోయినట్టు? దయచేసి ఎవరూ ఇంట్లో విప్పకండి. ఫ్లాష్ కెపాసిటర్లో 300 వోల్టుల దాకా ఉంటుంది, బ్యాటరీ తీసేసినా చాలాసేపు కొడుతుంది.

కాలువగట్టు, 11:24
300 వోల్టులా? నేను టేబుల్ మీద విప్పి పెట్టుకుని కూర్చున్నా ఇప్పుడే.

స్క్రూడ్రైవర్, 11:25
చెయ్యి తియ్యి బాబూ.

రెండోలైను, 12:40
అందుకే చూసి కొనాలి అంటారు. గోంగూర గారూ, అరండల్‌పేట వెళ్లేటప్పుడు ఇవి పట్టుకెళ్లండి: ఫార్మాట్ చేసిన ఖాళీ 32 జీబీ కార్డు, చిన్న టార్చి. మైక్రో కార్డుకి అడాప్టర్ తగిలించి తీసుకెళ్లద్దు, కాంటాక్టు సరిగ్గా కూర్చోక కెమెరాదే తప్పనుకుంటారు.

ఆన్, ఆఫ్ పది సార్లు. లెన్సు బయటికి వచ్చే చప్పుడు పదిసార్లూ ఒకేలా ఉండాలి. ఒక్కసారి తడబడినా వదిలేయండి. జూమ్ చివరిదాకా వెళ్లాక పక్కగా మెల్లగా కదిపి చూడండి, కొద్దిగా ఆట మామూలే, లొటలొట ఆడకూడదు. లెన్సు తెరిచి ఉండగా పక్క నుంచి టార్చి వెయ్యండి. సాలెగూడులాగా సన్నటి పోగులు కనపడితే ఫంగస్. కృష్ణ ఒడ్డున బీరువాలో పెట్టి మర్చిపోయిన కెమెరాల్లో ఇదే మొదటి రోగం. దుమ్ము చుక్క ఒకటో రెండో ఉంటే పట్టించుకోకండి. తర్వాత ఏవీ మోడ్‌లో (ఎఫ్ అంకె మనమే పెట్టుకునేది) ఎఫ్ 8 పెట్టి తెల్లగోడ తియ్యండి. ఫోటోలో మసక నల్లచుక్క కనపడి, ఇంకో ఫోటోలోనూ అక్కడే ఉంటే సెన్సార్ మీద దుమ్ము, విప్పితేగాని పోదు. ఫ్లాష్ వరసగా అయిదు సార్లు కొట్టండి. మధ్యలో పది సెకన్లకి మించి ఆగితే బ్యాటరీ అయినా పోయింది, కెపాసిటర్ అయినా పోయింది. బ్యాటరీ తలుపు కొక్కెం విరిగిందేమో చూడండి, అది సరిగ్గా మూసుకోకపోతే కెమెరా ఆన్ కాదు. బ్యాటరీ గూట్లోంచి జారి రావాలి. వేలితో లాగాల్సి వస్తే ఉబ్బినట్టే.

తేదీ, టైము అడిగితే భయపడకండి. లోపలి చిన్న సెల్లు పెద్ద బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది. నాలుగు గంటలు నిండు బ్యాటరీ పెట్టి ఉంచితే సుమారు మూడు వారాలు నిలబడుతుంది. మర్నాటికి మళ్లీ అడిగితే అప్పుడు ఆలోచించండి.

మిర్చిబజ్జీ (గుంటూరు), 13:05
ఖాళీ కార్డు మాట నిజం. బెజవాడలో ఒక షాపులో కొత్తదని సీలు వేసిన డబ్బా ఇచ్చారు. ఖాళీ కార్డు వేసి తీస్తే మొదటి ఫోటో నంబరే 3412. అందుకే చెప్తున్నా, ఎవర్నీ నమ్మకండి.

స్క్రూడ్రైవర్, 13:30
ఆ నంబరుతో వాడినట్టు తెలుస్తుంది, ఎంత వాడారో తెలియదు. 9999 తర్వాత మళ్లీ 0001కి వస్తుంది. 3412 అంటే మూడు వేలూ కావచ్చు, పదమూడు వేలూ కావచ్చు. మెనూలో నంబరింగ్ మార్చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు.

కొత్తది కొనేవాళ్లు డబ్బా మీద స్టిక్కరు చూడాలి. దిగుమతి చేసినవాళ్ల పేరు, అడ్రసు, ఎంఆర్‌పీ, నెల, సంవత్సరం ఉండి తీరాలి, అది చట్టం. ఆ స్టిక్కరు లేదంటే వారంటీకి ఏ గుమ్మం ఎక్కాలో కూడా తెలియదు.

ఎఫ్‌జెడ్45లో ఉన్న గొప్ప గుణమేంటంటే, రెండు పెన్సిల్ సెల్స్‌తో (ఏఏ) నడవడం. రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్, 2000 ఎంఏహెచ్‌వి నాలుగు, చార్జర్‌తో సహా కొనుక్కుంటే చాలు. ఆల్కలైన్ వేసినా నడుస్తుంది కానీ, ఫ్లాష్ కొట్టేకొద్దీ వోల్టేజీ దిగిపోయి త్వరగా బ్యాటరీ అయిపోయిందంటుంది. గడియారాల్లో వేసే చవక సెల్స్ అయితే ఆన్ కూడా కాకపోవచ్చు. అదే ఎస్120కి ఎన్‌బీ-6ఎల్‌హెచ్ అనే దాని సొంత బ్యాటరీయే కావాలి. అసలుదని అమ్మేవాటిలో నకిలీవే ఎక్కువ, వాటిలో ఉబ్బి గూట్లో ఇరుక్కునేవీ ఎక్కువే.

పెద్దబాబాయ్, 13:48
సెల్స్ ఏవైనా, అది కోడాక్ కాదన్న సంగతి ఎవరూ ఖండించలేదు.

బందరులడ్డు, 14:02
పానాసోనిక్ ఎల్ఎక్స్7 ఎవరూ చెప్పలేదే. ఎఫ్ 1.4 నుంచి 2.3. 90 మి.మీ. దగ్గర కూడా 2.3యే. పైన ఫ్లాష్ తగిలించుకునే షూ ఉంది. మూత చేత్తో తియ్యాలి, అదొక్కటే చిరాకు. ఆ మూత వల్లే, లెన్సు ముందు వాటంతటవే మూసుకునే రేకులు ఇరుక్కునే గొడవ ఉండదు.

రెండోలైను, 14:10
మంచి కెమెరా. దొరికితేగా.

కాలువగట్టు, 14:12
మరి కొంగలు?

రెండోలైను, 14:20
వీటిలో దేనితోనూ రావు. కోడాక్ జూమ్ చివర 108 అయినా, కానన్ 120 అయినా ఉప్పలపాడు గట్టు మీద నుంచి గూడబాతు తెల్లచుక్కే. కనీసం 600 మి.మీ. కావాలి. కానన్ ఎస్ఎక్స్430 లాంటిది 1080 దాకా వెళ్తుంది కానీ జేబులో పట్టదు, మండపంలో పనికిరాదు. కొంగల్ని మర్చిపోండి.

స్క్రూడ్రైవర్, 15:15
ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. రెండోలైను గారి దగ్గర అమ్మకానికి ఎస్120లు ఎన్ని ఉన్నాయి?

రెండోలైను, 15:19
రెండు. ఎక్కడా దాచలేదు, నా పాత పోస్టుల్లో ఉంది. ఈవిడ చూస్తున్నది నాది కాదు, నాకు రూపాయి రాదు. మీ సంగతి చెప్పండి. మీ బల్ల మీదకి వచ్చేవన్నీ పాడైనవే, నడిచేవి మీ దగ్గరికెందుకొస్తాయి? ఆస్పత్రిలో కూర్చుని ఊళ్లో అందరికీ జ్వరమే అన్నట్టుంది మీ వరస.

స్క్రూడ్రైవర్, 15:31
జ్వరం వచ్చినవాళ్లకి మీరు మందు ఇస్తారా? అమ్మేశాక ఫోన్ ఎత్తేవాళ్లు ఎంతమంది మీ లైనులో? పది సార్లు ఆన్ ఆఫ్ చేసి పక్కాగా వచ్చిన లెన్సు పదకొండో నాడు ఆగితే ఏ టార్చి చెప్తుంది? ఆ పట్టీ తెగబోయేముందు చప్పుడు చెయ్యదు. మీరు వందల కెమెరాలు చేత్తో పట్టుకున్నారు, మీకు అలికిడి తెలుస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకి మీ చెవులు అరువు ఇస్తారా?

రెండోలైను, 15:40
మరి మీరు చెప్పే కొత్తది రెండేళ్లు నడిచి ఏం చేస్తుంది, మసక ఫోటోలు తీస్తుంది. ఓణీల ఫంక్షన్ మళ్లీ చేయిస్తారా?

ఫోన్‌చాలు, 15:41
ఫోన్.

నిర్వాహకుడు, 15:50
వ్యాపారాల సంగతి ఆపండి. గోంగూరపచ్చడి గారూ, కెమెరా ఎవరు వాడతారో చెప్పండి, అది ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

గోంగూరపచ్చడి, 16:35
మా నాన్నగారండీ. 71 ఏళ్లు. మనవరాలి ఫంక్షన్‌కి ఆయనే తీస్తానంటున్నారు. ఫోన్ తెర మీద నొక్కడం ఆయనకి నచ్చదు, బటన్ ఉండాలంటారు. చెయ్యి కొంచెం వణుకుతుంది.

రెండోలైను, 16:41
ఈ ముక్క పొద్దున్నే చెప్పొద్దా అండీ! చెయ్యి వణికితే లెన్సుతో వణుకు సరిచేసే స్టెబిలైజేషన్ ఉన్నదే కావాలి, ఇక కోడాక్ మాటే వద్దు.

స్క్రూడ్రైవర్, 16:44
71 ఏళ్లాయన చేతిలోంచి జారితే? బయటికి వచ్చి ఉన్న లెన్సు మీద పడితే ఎస్120 అక్కడికక్కడే అయిపోతుంది. కోడాక్ పడినా అంతే, కానీ ఖర్చు తక్కువ, బిల్లు ఉంటుంది, సెల్స్ కిరాణా కొట్లో దొరుకుతాయి.

రెండోలైను, 17:02
మణికట్టుకి తాడు కట్టుకుంటే పడదు. ఎస్120 తీసుకుంటే ఇలా సర్దిపెట్టి ఇవ్వండి. పీ మోడ్ (వెలుతురు లెక్క కెమెరాయే చూసుకునేది) పెట్టి, ఆటో ఐఎస్‌ఓ గరిష్ఠం 1600కి కట్టండి, టచ్ షట్టర్ ఆపండి, లేకపోతే బొటనవేలు తగిలి ఫోటోలు పడుతుంటాయి. ఆ సర్దుబాటు డయల్ మీద సీ దగ్గర దాచండి. ఆయన డయల్ సీ మీద ఉంచి బటన్ నొక్కితే చాలు. ఫ్లాష్ మూడు మీటర్లకి మించి ఆశించకండి. జూమ్ ముట్టుకోవద్దని చెప్పండి, రెండడుగులు ముందుకి వెయ్యమనండి.

కొనేముందు ఆయన్నే తీసుకెళ్లండి. ఒక్క ట్యూబులైటు ఉన్న గదిలో, జూమ్ లేకుండా, ఆయన చేతే పది ఫోటోలు తీయించి కంప్యూటర్లో నూరు శాతానికి పెంచి చూడండి. ఏడు మసక లేకుండా నిలిస్తే కొనండి.

స్క్రూడ్రైవర్, 17:20
ఈ పరీక్ష బాగుంది, ఒప్పుకుంటా. ఇంకొక్కటి చెయ్యండి. 15 రోజుల్లో లెన్స్ ఎర్రర్ వస్తే డబ్బు తిరిగి ఇస్తానని కాగితం మీద రాయించుకోండి. రాస్తే కొనండి, నేను అడ్డం రాను.

గోంగూరపచ్చడి, ఆదివారం సాయంత్రం 6:10
వెళ్లొచ్చాం. లెన్సు చప్పుడు పది సార్లూ ఒకేలా ఉంది. టార్చి వేస్తే పోగులేమీ లేవు, రెండు దుమ్ము చుక్కలున్నాయి. ఫ్లాష్ ఆరేడు సెకన్లకి మళ్లీ వెలిగింది. నాన్నగారు తీసిన పదిలో ఎనిమిది నిలిచాయి. కాగితం మాత్రం రాయనన్నాడు, పాత వస్తువుకి ఎవరూ రాయరన్నాడు. కానీ 11 వేలకి ఇస్తానన్నాడు. రేపటిదాకా టైమిచ్చాడు.

రెండోలైను, 6:13
పదకొండుకా? తెల్లారేదాకా ఆగకండి, ఇప్పుడే వెళ్లి తెచ్చుకోండి.

స్క్రూడ్రైవర్, 6:15
కాగితం అనగానే రెండు వేలు ఎందుకు తగ్గించాడో ముందు అది అడగండి.