జొన్న రొట్టె పెనం మీదికి చేరేలోపే విరిగిపోతోంది

కొత్త కాపురం:
సాయంత్రం నుంచీ ఈ పిండితోనే కుస్తీ. మా మామయ్యగారికి షుగర్ వచ్చింది. రాత్రిపూట అన్నం తగ్గించి జొన్న రొట్టె, ఏదో ఒక ఆకుకూర పప్పు పెడదామనుకున్నాం. తోటకూర పప్పు ఎప్పుడో అయిపోయింది. రొట్టె మాత్రం తడుతుంటేనే అంచులు పగులుతున్నాయి, ఎత్తబోతే మధ్యకు విరుగుతోంది. నీళ్ళు కాస్త ఎక్కువైతే పీటకి అంటుకుపోతోంది. వీడియోల్లో చూపించినట్టే చేశాను. గోధుమపిండి కలపమని మాత్రం చెప్పకండి. ఇంట్లో అందరూ ఆకలితో ఉన్నారు, దయచేసి త్వరగా చెప్పండి.

తాండూరు:
వేడి నీళ్ళతో కలపండి.

కొత్త కాపురం:
వేడి నీళ్ళతోనే కలిపానండీ.

పథ్యం:
రొట్టె సంగతి తర్వాత, ముందు ఇది వినండి. జొన్న తింటే చాలు షుగర్ తగ్గుతుందని చాలామంది నమ్ముతున్నారు. జాతీయ పోషకాహార సంస్థ 2017 ఆహార పట్టికలు చూడండి. 100 గ్రాముల జొన్నల్లో సుమారు 334 కేలరీలు, పాలిష్ బియ్యంలో సుమారు 356. పెద్ద తేడా లేదు. తేడా అంతా పీచులో ఉంది: జొన్నల్లో 10 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపే. ఆ పీచు కావాలంటే పిండి జల్లించి పొట్టు పారేయకూడదు. నాలుగు రొట్టెలు లాగించి మీద మళ్ళీ పెరుగన్నం తింటే చేసిందంతా వృథా. ఒకటిన్నర రొట్టె, గిన్నెడు పప్పు, కూర చాలు. షుగర్ మాత్రలు వాడుతుంటే తిండి మార్చే ముందు డాక్టరుతో ఒక మాట చెప్పండి.

తాండూరు:
ఆమె అడిగింది రొట్టె ఎందుకు విరుగుతోందని.

నారాయణఖేడ్ ఆడబిడ్డ:
అక్కా, వేడి నీళ్ళంటే ఏ నీళ్ళు? పొయ్యి మీద మసలబెట్టినవా?

కొత్త కాపురం:
గీజర్ నీళ్ళు. బాగా వేడిగానే ఉన్నాయి.

నారాయణఖేడ్ ఆడబిడ్డ:
గదే అక్కా! గీజర్ నీళ్ళు సరిపోవు. గోధుమలో ఉండే సాగే గుణం జొన్నలో లేదు. పిండి కొంచెం ఉడికితేనే జిగురు వస్తది. గ్లాసు పిండికి గ్లాసు కంటే కొంచెం తక్కువ నీళ్ళు, చిటికెడు ఉప్పు. నీళ్ళు కుతకుత మసలాలె. స్టవ్ ఆపి పిండి పోసి గరిటెతో కలిపి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలెయ్యి. తర్వాత చెయ్యి తడి చేసుకుంట, వేడి మీదనే అరచేతి మడమతో గట్టిగా మర్దించు. అంతా ఒక్కసారే పిసకకు. ఏ రొట్టెకు ఆ ముద్ద తీసి మళ్ళీ పిసకాలె. పొడిపిండి చల్లి తట్టు. పెనం మీద వేసినంక పైన తడిగుడ్డతో నీళ్ళు రాయి, తడి ఆరంగనే తిప్పు.

కర్నూలు పెద్దమ్మ:
మా ఇంట్లో యాభై ఏండ్లుగా చన్నీళ్ళతోనే కొడతాం. ఎప్పుడూ విరగలేదు. మసిలే నీళ్ళు పోస్తే అది సంగటి అవుతుంది గానీ రొట్టె ఎట్లవుతుందమ్మా?

నారాయణఖేడ్ ఆడబిడ్డ:
సంగటికి పొయ్యి మీదనే ఉడికిస్తరు పెద్దమ్మా. ఇది మసిలే నీళ్ళల్ల కలుపుడు, అంతే. కొత్తగా నేర్చుకునేటోళ్ళకు చన్నీళ్ళతోని చెయ్యి కుదరదు.

కర్నూలు పెద్దమ్మ:
చెయ్యి కాదు, పిండి మంచిదుండాల. మర పట్టించి వారం దాటని పిండి అయితే చన్నీళ్ళకే సాగుతుంది. పాపా, నీ పిండి ఎప్పటిది?

కొత్త కాపురం:
సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చాం. గాలి తగలని డబ్బాలోనే ఉంచాను, పురుగు కూడా పట్టలేదు.

కర్నూలు పెద్దమ్మ:
ఉగాది కూడా దాటిపోయింది కదమ్మా! పురుగు లేకపోయినా పిండి పాతబడుతుంది. చిటికెడు నోట్లో వేసుకో. చేదు తగిలితే పారెయ్. జొన్నల్లో ఉండే నూనె పిండయ్యాక తొందరగా కంపు పడుతుంది. జొన్నలు తెచ్చి పెట్టుకో, వారానికి సరిపడా పట్టించుకో.

పథ్యం:
పెనం ఏమిటో ఎవరూ అడగలేదు. నాన్‌స్టిక్ అయితే మానేసి దళసరి ఇనుప పెనం కొనండి. నూనె చుక్క లేకుండా రొట్టె కాలుతుంది, పొంగుతుంది.

తాండూరు:
పెనం దాకా వస్తే కదా.

నారాయణఖేడ్ ఆడబిడ్డ:
ఇయ్యాల్టికి చిన్నగా, పూరీ అంత తట్టు అక్కా. పెద్దగా తట్టితేనే విరుగుతయి. ఎత్తరాకపోతే ప్లాస్టిక్ కవరు మీద తట్టి పెనం మీదికి బోర్లించు, కవరు పెనానికి తగలనియ్యకు.

కొత్త కాపురం:
మసిలే నీళ్ళు పోశాక ముద్ద తేడా తెలిసింది. చిన్నవి వచ్చాయి, ఒకటి పొంగింది కూడా. పిండి కొంచెం చేదుగానే ఉంది, మిగతాది పారేశాను. మామయ్యగారికి పప్పులోకి అదొక్కటే పెట్టాను. థాంక్సండీ అందరికీ.

కర్నూలు పెద్దమ్మ:
చేదు పిండి రొట్టె పెద్దాయనకెందుకు పెట్టినావమ్మా? ఈ పూటకు ఇంత అన్నమే పెట్టాల్సింది. రేపు తెల్లజొన్నలు తెచ్చుకో. గోధుమలు పట్టిన వెంటనే పట్టించకు, మర దులిపించు.

పథ్యం:
పచ్చజొన్నలు ఇంకా మంచివంటారు. ఎవరైనా వాటితో రొట్టెలు చేశారా?