నీలి లైట్ల కింద క్లౌన్ ఫిష్ ఫొటో ఎలా తీయాలి?

విశాఖలో మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్ ఉందండి. రెండు క్లౌన్ చేపలు. ఫొటోలో వాటి నారింజ రంగు కోసం మూడు నెలలుగా తంటాలు పడుతున్నాను. ఫొటోలో అంతా నీలమే, తోకలు అలికినట్టు వస్తున్నాయి. 50 ఎంఎం లెన్స్, షట్టర్ వేగం 1/60 సెకను.

జవాబు: షట్టర్ 1/250కి పెంచండి, ఐఎస్ఓ (కెమెరా వెలుగును గ్రహించే స్థాయి) 1600 అయినా పర్లేదు. చేప కన్ను స్పష్టంగా ఉంటే చాలు. లెన్స్ అద్దానికి ఎదురుగా, తిన్నగా ఉండాలి. ఏటవాలుగా తీస్తే అద్దం మందమే బొమ్మను పాడుచేస్తుంది.

జవాబు: నీలి ఎల్‌ఈడీలు తగ్గించి తెల్లవి పెంచండి, రా ఫైల్‌లో (రంగులు తర్వాత సరిచేసుకోగల ఫైల్) తీయండి. గది లైట్లు ఆర్పేయండి.

అడిగినవారు: ఇవాళ ఆడచేప తెల్లచారల అంచున నల్లగీత కూడా ఫొటోలో పడిందండి! ఎంత సంతోషమో చెప్పలేను.