కోల్డ్ స్టీల్ ఎస్‌ఆర్‌కే, కార్బన్ వి: వాదర మీద చిన్న గంట్లు. సాన పట్టాలా, అలాగే ఉంచాలా?

డాలస్_కత్తులు:
పాత ఎస్‌ఆర్‌కే కత్తి ఒకటి చేతికొచ్చింది. బ్లేడ్ 6 అంగుళాలు, మీద కార్బన్ వి, యూఎస్ఏ ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. నల్ల కోటింగ్ నిండుగా ఉంది, ఫ్యాక్టరీలో పదును పెట్టిన గీతలు కూడా కనిపిస్తున్నాయి. అంటే వాడిన కత్తి కాదు. కానీ లైటు కింద పెడితే వాదర (కోసే అంచు) మూడు చోట్ల మెరుస్తోంది: పిడికి దగ్గర ఒక సెంటీమీటరు మేర, ముందు వంపులో రెండు చుక్కలు. ఎడమ పక్క బెవెల్ (వాదర కోసం సాన పట్టిన సన్నటి వాలు) కుడి పక్క కన్నా కాస్త వెడల్పుగా ఉంది. దీంతో ఏదీ కోసే పని లేదు, కలెక్షన్ కోసమే. ఇవి లెక్కలోకి తీసుకోవలసిన లోపాలేనా? సరిచేస్తే విలువ పోతుందా? సంక్రాంతికి తీసుకెళ్లి విశాఖలో మా ఇంట్లో ఉంచాలనుకుంటున్నా, అక్కడి గాలికి ఏమైనా అవుతుందా?

సానరాయి:
సాన సంగతి తర్వాత. మూడు చోట్ల మెరుస్తోందంటే మూడూ ఒకటే జబ్బు అనుకోకండి. పదును సరిగ్గా ఉన్న అంచుకు వెలుతురును తిప్పికొట్టేంత వెడల్పే ఉండదు. మెరిసిందంటే అక్కడ లోహం చదునై ఉండాలి, లేదా పక్కకి వాలి ఉండాలి, లేదా విరిగి ఉండాలి. ఏదో తేలాకే మందు.

గదిలో ఒక్క లైటే ఉంచి, వాదర పైకి పెట్టి కత్తిని మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడండి. మెరిసిన చోట్ల పక్కన కోటింగ్ మీద చిన్న టేపు ముక్క గుర్తుగా అంటించండి. నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్లు చూపే (10ఎక్స్) భూతద్దం ఉంటే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. తర్వాత గోరు పరీక్ష. గోరును వెన్ను (వాదరకు ఎదురుగా ఉండే మందపాటి అంచు) వైపు నుంచి వాదర వైపుకి, బెవెల్ మీదుగా బయటికి జార్చాలి. వాదర పొడుగునా మాత్రం ఎప్పుడూ జార్చకండి, వేలు తెగుతుంది.

ఒక పక్క నున్నగా జారి రెండో పక్క గోరు ఆగితే అది మడత, అంటే లోహం పక్కకి వాలింది. ఏ పక్కా ఆగకుండా, వాదర వెంట మెల్లగా లాగిన దూది పోగులు మాత్రం చిక్కుకుంటే గంటు, అంటే లోహం ఊడిపోయింది. గోరూ ఆగక, దూదీ చిక్కక, మెరుపు మాత్రం ఉంటే చదును. మడతలాగే ఒక పక్క ఆగుతూ ఒకటి రెండు సెంటీమీటర్లు దారంలా సాగితే అది ఫ్యాక్టరీ బర్: బెల్టు మీద పదును పెట్టాక బఫ్ చక్రం మీద పూర్తిగా రాలని తీగ. తుప్పు గుంటను గంటు అనుకుని పొరబడేవాళ్లు చాలామంది. తుప్పు గుంట అంచులు గుండ్రంగా, అడుగు నల్లగా గానీ గోధుమరంగులో గానీ ఉంటుంది. విరిగిన గంటు అడుగు బూడిదరంగులో గరుకుగా తళుక్కుమంటుంది.

పిడి దగ్గరి సెంటీమీటరు మీద నా అనుమానం ఒర. మీది కంపెనీ కన్సీలెక్స్ అని పిలిచిన గట్టి ప్లాస్టిక్ ఒర అయితే, కత్తి లోపల కూర్చున్నాక దాని మూతికి ఆనేది ఆ భాగమే. ప్లాస్టిక్ ఉక్కును అరగదీయదు గానీ, అందులో ఇరుక్కున్న ఇసుక రేణువు అరగదీస్తుంది. ఒర మూతి లోపల వాదర వైపు సన్నటి గాడి ఉందేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఒరను బోర్లించి తట్టి, గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, లోపలి తడి పూర్తిగా ఆరనివ్వండి. ఇకపై తీసేటప్పుడు, పెట్టేటప్పుడు బొటనవేలితో కత్తి వెన్నును ఒర వెన్నుకు నొక్కి పట్టండి.

పాతబ్లేడ్:
విలువ గురించి. కార్బన్ వి అనేది స్టీల్ గ్రేడ్ కాదు, కోల్డ్ స్టీల్ వాళ్లు తమ ఉక్కుకు పెట్టుకున్న వాణిజ్య నామం. వాళ్ల కోసం ఈ కత్తులు తయారుచేసిన న్యూయార్క్ రాష్ట్రపు కమిలస్ ఫ్యాక్టరీ 2007లో మూతపడింది, దాంతో ఆ వరసే ఆగిపోయింది. ఎస్‌ఆర్‌కే పేరు మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ఎస్‌కే-5లో వచ్చింది, సాన్ మాయ్‌లో వచ్చింది, సీపీఎం 3విలో వచ్చింది; ఇవన్నీ వేరే రకాల ఉక్కు. పదునైన ఎస్‌ఆర్‌కే కావలసినవాడు కొత్తది కొనుక్కుంటాడు. మీ దగ్గరున్న దానికి డబ్బు పెట్టేవాడు ఆ ముద్రకూ, ఎవరూ రాయి తగిలించని ఆ వాదరకూ పెడతాడు.

బెవెల్ వెడల్పుల తేడా అసలు లోపమే కాదు. చేత్తో పట్టుకుని బెల్టు మీద రెండు పాసులు లాగితే వచ్చే పదును అది. అర మిల్లీమీటరు దాకా తేడా ఉన్నా ఆ కాలపు ఫ్యాక్టరీ కత్తుల్లో వింతేమీ లేదు. దయచేసి సమం చేయబోకండి. రెండు పక్కలా అద్దంలా సమంగా ఉన్న బెవెల్ చూస్తే కొనేవాడికి వచ్చే మొదటి అనుమానం "ఎవరో మళ్లీ పదును పెట్టారు" అనే.

గంటు పూర్తిగా పోగొడితే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. పదును కోణం ఒక్కో పక్కకు 20 డిగ్రీలు, బెవెల్‌కు పైనున్న బ్లేడ్ వాలు ఒక్కో పక్కకు 6 డిగ్రీలు అనుకుందాం. గంటు లోతు 0.2 మి.మీ. అయితే వాదర మొత్తం 0.2 మి.మీ. వెనక్కి వెళ్లాలి. బెవెల్ పై గీత, అంటే కోటింగ్ మొదలయ్యే చోటు, దాదాపు 0.28 మి.మీ. పైకి జరుగుతుంది. బెవెల్ వెడల్పు పెరిగేది 0.08 మాత్రమే. కొలతలో ఇది ఏమీ కాదు, కంటికి తెలియదు కూడా. కానీ ఫ్యాక్టరీ గీతలు మొత్తం పోతాయి, కోటింగ్ అంచు కొత్తగా తెగినట్టు కనిపిస్తుంది. పోయేది లోహం కాదు, సాక్ష్యం.

మంగళగిరి_మెకానిక్:
పాతబ్లేడ్ గారితో సగమే ఏకీభవిస్తా. గంటును వదిలేయొచ్చు, అది పెరగదు. మడతను, బర్‌ను మాత్రం వదలకూడదు. మడిచిన లోహం కింద తేమ నిలుస్తుంది. ఇది స్టెయిన్‌లెస్ కాదు, పైగా కోటింగ్ లేని భాగం వాదర ఒక్కటే. ఆ మడత కిందే మొదటి తుప్పు చుక్క పుడుతుంది.

ఇంకో మాట. ఫ్యాక్టరీ పదును చివర్న ఉండే లోహం ఆ కత్తిలోని అసలు లోహంలా ప్రవర్తించదు. నీళ్లు లేకుండా బెల్టు మీద వేగంగా పదును పెడితే వాదర కొస క్షణంలో టెంపర్ (ఉక్కు గట్టిదనం కుదిర్చిన వేడి) దాటి వేడెక్కుతుంది. మిగతా బ్లేడ్ చల్లగానే ఉంటుంది, రంగు మారినా తర్వాతి బఫింగులో చెరిగిపోతుంది. వాడని కత్తికి ఉత్త ఒర రాపిడికే వాదర వాలడానికి తరచూ ఇదే కారణం. దాన్ని చూసి "హీట్ ట్రీట్‌మెంట్ బాగాలేదు" అని తీర్పు ఇచ్చేయకండి.

డాలస్_కత్తులు:
పరీక్షలు చేశాను. పిడి దగ్గరిది చదును, ఒర మూతిలో గాడి ఉంది. ముందు వంపులో ఒకటి ఎడమకి వాలిన మడత, దాదాపు 2 మి.మీ. పొడవు. రెండోది గంటు. స్టీలు స్కేలు పక్కన పెట్టి ఫోన్ మాక్రోలో తీస్తే లోతు 0.2 లోపే అనిపిస్తోంది. మడతను రాయి లేకుండా సరిచేయడం ఎలా?

మంగళగిరి_మెకానిక్:
నున్నటి స్టీలు కడ్డీ కావాలి. వంటింటి కత్తులతో వచ్చే గాళ్లున్న కడ్డీ వద్దు, అది ఆకురాయిలా కొరుకుతుంది. సన్నటి తెల్ల సిరామిక్ కడ్డీ కూడా పనికొస్తుంది గానీ అది కొద్దిగా లోహం తీస్తుంది. బెవెల్ పైన, కోటింగ్ మీద రెండు పొరల మాస్కింగ్ టేపు వేయండి. బెవెల్‌కి నల్ల మార్కర్ పూయండి. కడ్డీని నిలువుగా బల్లకు ఆనించి, మడత వాలిన ఎడమ పక్కనే కడ్డీకి తాకించి, వెన్ను ముందుగా నడిచేలా, వాదర వెనక వచ్చేలా లాగండి. కోణం బెవెల్ కన్నా ఒక డిగ్రీ ఎక్కువ. బరువు కత్తి బరువే, చేయి అదనంగా నొక్కకూడదు. మూడుసార్లు లాగి గోరుతో చూడండి. మార్కర్ కొస దగ్గర మాత్రమే చెరిగితే కోణం సరి. బెవెల్ మధ్యలో చెరిగితే కత్తి మరీ పడుకుంది, వెన్ను కాస్త ఎత్తండి. ఐదారుసార్లకు లేవకపోతే ఆపండి. అటూ ఇటూ వంచిన తీగ తెగినట్టే ఆ లోహమూ తెగుతుంది, అప్పుడు మడత కాస్తా రెండో గంటు అవుతుంది. నిజానికి నిటారుగా నిలిచిన మడత కూడా బలహీనమే. అల్మరాలో ఉండే కత్తికి అది చాలు, కోసే కత్తికి చాలదు.

తర్వాత మార్కర్‌ను స్పిరిట్‌తో తుడిచేయండి. తోలు పట్టీ మీద మెరుగు పెట్టే ఆకుపచ్చ పేస్టు రాసి రుద్దాలని మనసు లాగుతుంది, వద్దు. మెత్తటి తోలు వాదర చుట్టూ వంగి కొసను గుండ్రం చేస్తుంది, ఫ్యాక్టరీ గీతలను మెరుగు పెట్టేస్తుంది.

ఎప్పటికైనా గంటు తీయాలనిపిస్తే బజారులో మోటారు సాన పెట్టేవాళ్ల చేతికి మాత్రం ఇవ్వొద్దు. 600 గ్రిట్ (గరుకుదనం) డైమండ్ ప్లేటు, ఒక్కో పక్కకు 20 డిగ్రీలు, పిడి నుంచి మొన దాకా పూర్తి పొడవు లాగుడు. గంటు ఉన్న చోటే రుద్దితే అక్కడ వాదర లోపలికి గుంట పడుతుంది, దాన్ని సరిచేయడానికి ఇంకా ఎక్కువ లోహం పోతుంది. స్పైడర్కో షార్ప్‌మేకర్ అనే సాన పరికరంలో 40 డిగ్రీల గాళ్లలో కడ్డీలు పెడితే ఒక్కో పక్కకు 20 దానంతటదే వస్తుంది. అయితే మొనను కడ్డీ దాటి జారనివ్వకండి, మొన గుండ్రమయ్యేది అక్కడే.

పాతబ్లేడ్:
అమ్మే ఉద్దేశం ఇప్పుడు లేకపోయినా, కడ్డీ తాకించకముందు రెండు పక్కలా స్కేలుతో మాక్రో ఫోటోలు తీసి ఉంచుకోండి. రేపు అమ్మేటప్పుడు రాయవలసింది "మింట్" (మచ్చలేని కొత్తది) అని కాదు. "వాడలేదు, ఫ్యాక్టరీ పదును, ముందు వంపులో 0.2 మి.మీ. లోపు గంటు ఒకటి, మడత ఒకటి నున్నటి కడ్డీతో లేపాను, పిడి దగ్గర ఒర రాపిడి 1 సెం.మీ." ఇంత రాస్తే కొనేవాడు బేరం ఆడొచ్చు గానీ తిప్పి పంపడు.

సానరాయి:
విశాఖ మాట ఎవరూ ఎత్తలేదు. సముద్రపు గాలికి కోటింగ్ భాగం తట్టుకుంటుంది, వాదర తట్టుకోదు. కత్తిని ఒరలో దాచకండి. తోలు ఒర అయితే అసలే వద్దు, తోలు తేమ పీల్చుకుంటుంది, తోలు శుద్ధికి వాడిన రసాయనాలు ఉక్కును తింటాయి. స్పిరిట్‌తో వేలిముద్రలు తుడిచి, వాదరకు కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క దూదితో పలచగా పట్టించి, నూనె కాగితంలో చుట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతైన డబ్బాలో పెట్టండి. రెనైసాన్స్ వ్యాక్స్ అనే మైనం దొరికితే ఇంకా మంచిది, జిడ్డు ఉండదు. వంటనూనెలు కొన్నాళ్లకు బంకలా గడ్డకడతాయి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తీసి చూస్తే చాలు. తుప్పు చుక్క కనిపిస్తే నూనె వేసి వెదురు పుల్ల కొసతో రుద్దండి. ఇత్తడి సామాను తోమినట్టు చింతపండో నిమ్మకాయో తగిలిస్తే బెవెల్ మీద బూడిదరంగు మరక శాశ్వతంగా ఉండిపోతుంది.

ప్రయాణంలో చెక్-ఇన్ సామానులోనే, వాదరకు అట్ట తొడిగి, ఒరలో పెట్టి. మన ఆర్మ్స్ రూల్స్ 2016లో పదునైన ఆయుధాల దగ్గర చెప్పే కొలతలు 9 అంగుళాలకు మించిన పొడవు, 2 అంగుళాలకు మించిన వెడల్పు. మీ ఎస్‌ఆర్‌కే రెండింటికీ లోపే. ఇదే వరసలో ట్రెయిల్ మాస్టర్ కత్తి కూడా కొనే ఆలోచన ఉంటే దాని బ్లేడ్ తొమ్మిదిన్నర అంగుళాలు, దాన్ని డాలస్‌లోనే ఉంచండి.