ఆర్డర్ చేతిలో ఉంది, బాబూ రాలేదు, డబ్బూ రాలేదు. ఇప్పుడేం చెయ్యాలి?

పర్లాకిమిడి అమ్మ:
పొద్దున్నుంచీ ఫోన్లో చదివి చదివి తల వాచిపోయింది. కోర్టు బాబుని నాకు అప్పగించి, వాళ్ళ నాన్నని నెలకి 8 వేలు ఇమ్మంది, 14 నెలలుగా పైసా లేదు. దసరా సెలవులకని తీసుకెళ్ళిన బాబుని ఇంకా పంపలేదు. స్టేషన్‌కి వెళ్తే సివిల్ మేటరన్నారు. మనిషి ఒడిశాలోని బరంపురంలో శుభ్రంగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. కోర్టు ధిక్కారం వేసేస్తే సరిపోదా?

గుమస్తా:
ఏ కోర్టు? ఎంసీయా (పోషణ ఖర్చుల కేసు), ఓపీయా (సివిల్ పిటిషన్)? మధ్యంతరమా, ఫైనలా?

రాయగడ మాస్టారు:
అమ్మా, ముందు ఒక మాట. డబ్బు ఇవ్వలేదు కదాని రేపు బాబు మీ దగ్గరికి వచ్చాక తండ్రికి చూపించడం మానకండి. ఇవి రెండూ ముడిపెట్టేవి కావు. మీరు ఆపితే ఆయన వకీలు పట్టుకునేది ముందు దాన్నే. ఇంకోటి, భార్యకైనా పిల్లలకైనా పోషణకి ఇచ్చే ఈ డబ్బుని మనోవర్తి అంటారు. టీవీ వాళ్ళు అన్నిటికీ 'భరణం' అనేసి...

గుమస్తా:
మాస్టారూ, పేరు తర్వాత చూద్దాం.

పర్లాకిమిడి అమ్మ:
రెండు కాగితాలున్నాయండి. ఒకదాని మీద ఎంసీ, రెండోదాని మీద జీడబ్ల్యూఓపీ. రెండూ శ్రీకాకుళంవే, 2023లో వచ్చాయి, ఫైనలే. ఇది చెప్పాలని తెలీలేదు.

గుమస్తా:
అసలు సంగతి అదే. జీడబ్ల్యూఓపీ అంటే పిల్లల సంరక్షణ పిటిషన్. రెండింటికీ దారులు వేరు.

ఎంసీ అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 144. బకాయి పడ్డ తేదీ నుంచి ఏడాదిలోపు అడిగితేనే వసూలుకి వారంటు ఇస్తారు. మీవి 14 నెలలు, అంటే మొదటి నెలలకి ఆ దారి మూసుకుపోయినట్టే. హక్కు పోదు, వారంటు దారి పోతుంది. రేపు రేపు అంటే ఇంకో నెల జారుతుంది. వారంటు తర్వాతా కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకూ జైలు. జైలుకెళ్ళొస్తే బాకీ చెల్లిపోయిందనుకుంటారు కొందరు. చెల్లదు, సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది.

శ్రీకాకుళమే వెళ్ళక్కర్లేదు. పాత చట్టంలో సెక్షన్ 128, కొత్తదాంట్లో 147 ప్రకారం మనిషి ఎక్కడుంటే అక్కడి కోర్టులో అమలు అడగొచ్చు, అంటే బరంపురంలో. ఆర్డర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. నెలవారీ బకాయి పట్టిక, బ్యాంకు స్టేట్‌మెంటు జత చెయ్యండి. తెలుగులో ఉన్న కాగితాలకి అనువాదం కావాలి.

జీడబ్ల్యూఓపీకి ఈపీ, అంటే అమలు పిటిషన్, వెయ్యాలి. ఆ ఆర్డర్ (డిక్రీ) ఇచ్చిన కోర్టులోనే అడిగి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 39 కింద బరంపురం ఉన్న గంజాం జిల్లా కోర్టుకి బదిలీ చేయించుకోండి. అమలు కాలేదన్న ధ్రువపత్రం లేకుండా వెళ్తే అక్కడ తిప్పి పంపిస్తారు.

కోస్తా వకీలు:
జీతం సంగతి చెప్పలేదు. రజనేష్ వర్సెస్ నేహా, 2020 సుప్రీంకోర్టు తీర్పు. మనోవర్తి ఆర్డర్‌ని డబ్బు డిక్రీలాగా కూడా అమలు చేసుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లో మనోవర్తి డిక్రీకి జీతంలో మూడో వంతే మినహాయింపు, మిగతాది జప్తు చెయ్యొచ్చు. యజమాని పేరు, జీతం వివరం పట్టుకోండి. ధిక్కారం హైకోర్టుకి వెళ్ళే పని. ఈపీ దారి ఉండగా సాధారణంగా వినరు.

గుమస్తా:
పిల్లవాణ్ణి చట్టవిరుద్ధంగా ఆపుకుంటే హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్, కూడా వెయ్యొచ్చు. సుప్రీంకోర్టు తేజస్విని గౌడ్ కేసు, 2019. బాబు ఒడిశాలో ఉన్నాడు కాబట్టి కటక్ హైకోర్టుకి.

రాయగడ మాస్టారు:
కాగితాల్లో 'బరంపురం' అని రాయకండి. బ్రహ్మపుర, గంజాం జిల్లా, ఒడిశా, పిన్‌కోడ్‌తో సహా రాయండి. బెంగాల్‌లో ముర్షిదాబాద్ వైపు కూడా ఓ బరంపురం ఉంది. సమన్లు అటు పోతే మళ్ళీ మొదటికొస్తుంది.

కోస్తా వకీలు:
అది బహరంపుర్ కదండీ!

రాయగడ మాస్టారు:
ఇంగ్లీషులో రెండూ దగ్గర దగ్గరగానే రాస్తారు బాబూ, నేను చెప్పేది...

పర్లాకిమిడి అమ్మ:
వకీలుకి డబ్బుల్లేవు.

గుమస్తా:
స్త్రీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి. ఈ వారంలోనే.

పర్లాకిమిడి అమ్మ:
సరేనండి. ముందు నకళ్ళకి దరఖాస్తు పెడతాను. థాంక్స్.