సెకండ్ హ్యాండ్ బోటులో దొరికిన పసుపు బీకన్ పనికొస్తుందా?

జాలారిపేట అమ్మాయి (ప్రశ్న):
నమస్తే. మాది విశాఖ. నాన్న ఈ వేసవిలో ఒక మరబోటు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, మర్నాడే బోటు కదులుతుంది. సామాన్లు సర్దుతుంటే ఇంజను గదిలో తాళ్ల కింద, పాలిథిన్ కవరులో చుట్టి, ఒక పసుపు డబ్బా దొరికింది. పైన చిన్న యాంటెన్నా ఉంది, పక్కన 406 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంది. ప్రమాదంలో సిగ్నల్ పంపే బీకన్ అట, బాగానే ఉందని పాత ఓనరు చెప్పాడు. ఫోన్లున్నాయి, వైర్‌లెస్ సెట్టుంది, ఇదెందుకని నాన్న అంటున్నాడు. బోటులో ఏడుగురు వెళ్తారు, అందులో మా తమ్ముడొకడు. ఒకసారి నొక్కి చూద్దామనుకుని భయమేసి ఆగిపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత రేడియో ఆఫీసర్:
నొక్కకపోవడం మంచిదైందమ్మా. నేను సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరుగా 22 ఏళ్లు పనిచేశాను. ఒకసారి మా ఓడలో ఒక కుర్రాడు రంగులేయడానికి ఈ బీకన్‌ను స్టాండు నుంచి తీసి తడి డెక్ మీద పెట్టాడు. స్టాండు లోంచి బయటికొచ్చి నీళ్లు తగిలితే దానంతటదే మొదలవుతుంది. కాసేపటికి కంపెనీ ఆఫీసుకి ఫోన్, మీ ఓడకి ఏమైందని. ఆ కుర్రాడి మొహం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఎప్పుడైనా అలా పొరపాటున మోగితే దాచిపెట్టకూడదు, వెంటనే కోస్ట్ గార్డుకి 1554కి ఫోన్ చేసి చెప్పాలి. పరీక్షించాలంటే దాని మీద టెస్ట్ అని వేరే స్థానం ఉంటుంది, పుస్తకంలో చెప్పినట్టే చేయాలి.

ఇక మీ నాన్నగారి మాట. తీరం వదిలి కొంత దూరం పోతే ఫోనుకి టవర్ అందదు. వైర్‌లెస్ సెట్టులో 16వ ఛానెల్‌లో పిలిస్తే చుట్టుపక్కల ఉన్నవాళ్లకే వినబడుతుంది, పైగా బోటులోకి నీళ్లొస్తే దాని బ్యాటరీ పోతుంది. బీకన్‌కి సొంత బ్యాటరీ ఉంటుంది, కనీసం 48 గంటలు పంపుతూనే ఉండాలి. సుమారు 50 సెకన్లకోసారి, అరసెకను పాటు, ఉపగ్రహాలకి ఒక కేక వేస్తుంది. మన దేశంలో ఆ కేక బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరి, అక్కడి నుంచి కోస్ట్ గార్డుకి వెళ్తుంది. ఈ ఏర్పాటు మొదలుపెట్టింది అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్. ఒకరినొకరు నమ్మని రోజుల్లో! 1982లో సోవియట్ ఉపగ్రహం పట్టిన సిగ్నల్‌తో కెనడాలో విమానం కూలిన ముగ్గురు బతికారు. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కానీ అసలు విషయం ఇది. బీకన్ పంపేది పేరు కాదు, ఒక కోడ్. సిగ్నల్ రాగానే ఆ కోడ్‌కి ఎవరి పేరు, ఏ బోటు, ఏ ఫోన్ నంబరు రాసి ఉన్నాయో చూస్తారు. మీ దాంట్లో పాత ఓనరు నంబరే ఉంటుంది. అతను ఫోనెత్తి ‘నేను ఇంట్లోనే ఉన్నానండీ, బోటు అమ్మేశాను’ అంటే, సముద్రంలో ఏడుగురు ఎదురుచూస్తుంటారు. బీకన్ మీద 15 అక్షరాల కోడ్ ఉంటుంది. దాన్ని రాసుకుని రిజిస్ట్రేషన్ మీ నాన్నగారి పేరుకి మార్పించండి, ఒడ్డున ఎప్పుడూ ఫోనెత్తే మనిషి నంబరు ఇవ్వండి. నీదే ఇయ్యమ్మా.

తాళ్ల కింద మాత్రం ఉంచొద్దు. దానికి ఆకాశం కనబడాలి. స్టాండులో చిన్న డబ్బా లాంటిది ఉంటే, బోటు మునిగి మూడు, నాలుగు మీటర్ల లోతుకి పోయేసరికి నీటి ఒత్తిడికి లోపలి బ్లేడు కదిలి, బీకన్‌ను పట్టి ఉంచిన ప్లాస్టిక్ బోల్టును కోస్తుంది, బీకన్ పైకి తేలుతుంది. ఆ డబ్బాకి రెండేళ్లే ఆయుష్షు, లేబుల్ మీద నెల, సంవత్సరం ఉంటాయి. బీకన్‌కున్న తాడును బోటు రెయిలింగుకి కట్టేవాళ్లను చూశాను. అలా కడితే బోటుతో పాటు అదీ మునిగిపోతుంది. ఆ తాడు తేలే తెప్పకో, నీళ్లలో ఉన్న మనిషికో కట్టుకోవడానికి.

కాకినాడ బోటు డ్రైవర్:
పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మా బోటులో ఉన్నది ఇస్రో తయారుచేసిన డాట్, అదీ ప్రమాదంలో సిగ్నల్ పంపేదే. కానీ అది వేరే యంత్రం, రెండూ ఒకటే అనుకోకండి చెల్లెమ్మా. దాంట్లో కొత్త రకం వచ్చింది: సిగ్నల్ అందిందని ఒడ్డు నుంచి తిరిగి కబురొస్తుంది. నాకు అదే పెద్ద ధైర్యం. పాత రకం డాట్‌తో అయితే నొక్కి, విన్నారో లేదో తెలియక కూర్చోవాలి.

జాలారిపేట అమ్మాయి:
బాబాయ్ గారూ, అన్నా, చాలా థాంక్స్. ఇప్పుడే హార్బర్ నుంచి వచ్చాను. స్టాండు కూడా దొరికింది, గోనెసంచిలో ఉంది. ఆ చిన్న డబ్బా లేబుల్ మీద 2021 మార్చి అని ఉంది. కొత్తది కొనాలి. కోడ్ రెండుసార్లు సరిచూసి రాసుకున్నాను. మీ మాటలు నాన్నకి చదివి వినిపించాను. పాత ఓనరు ఫోనెత్తడం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చదవమన్నాడు. ఇప్పుడు క్యాబిన్ పైకెక్కి, స్టాండు ఎక్కడ బిగించాలో జానతో కొలుస్తున్నాడు.